అమెరికా ఫారాల్లో రేస్, ఎత్నిసిటీ గడులు: తెలుగువాళ్లు ఎక్కడ టిక్ పెట్టాలి, ఎందుకు

అమెరికాలో దిగిన మొదటి నెలలోనే సోషల్ సెక్యూరిటీ నంబరుకు, ఉద్యోగానికి, పిల్లల స్కూలుకు, డాక్టరు దగ్గర వరసగా ఫారాలు నింపాల్సి వస్తుంది. పేరు, పుట్టిన తేదీ, చిరునామా వరకు చకచకా సాగిపోతుంది. ఆ తర్వాత ఎత్నిసిటీ అని ఒకటి, రేస్ అని ఇంకొకటి ఎదురవుతాయి. ఎత్నిసిటీ కింద హిస్పానిక్ (స్పానిష్ సంస్కృతి మూలాలున్నవాళ్లు) అవునా, కాదా అని రెండే గడులుంటాయి. రేస్ కింద చూస్తే ఇండియన్ అన్న మాట 'అమెరికన్ ఇండియన్' దగ్గర మాత్రమే కనిపిస్తుంది. తెలుగు లేదు, మతం లేదు, ఇండియా పేరు విడిగా లేదు. చాలామంది ఇక్కడే ఆగి వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. తలా ఒక జవాబు వస్తుంది, తికమక ఇంకా పెరుగుతుంది.

ఈ భయంలో కొంత మన అలవాటు వల్ల వచ్చేది. మన దగ్గర కులం గడిలో ఏం రాసినా దాని వెనక మీసేవలో తీసుకున్న సర్టిఫికెట్, తహసీల్దారు సంతకం ఉండాలి. అందుకే అక్కడ కూడా తప్పు గడి నింపితే ఏమవుతుందోనని గుండె పీచుపీచుమంటుంది. అమెరికా పద్ధతి వేరు. మామూలు ఫారాల్లో రేస్‌కు సర్టిఫికెట్ అడగరు, మీరు చెప్పుకున్నదే జవాబు. అయితే ఏ గడిలోకి ఎవరొస్తారో ప్రభుత్వం రాసి పెట్టింది. ఆ నిర్వచనం చదివి, అందులో మీరెక్కడ ఉన్నారో చూసుకుని టిక్ పెట్టడమే మీ పని. మీ మతం, మీ భాష, మీ తాతముత్తాతల ఊరు అన్నీ ఆ చిన్న గడిలో ఇమడాలని చూస్తే ఏ ఫారమూ పూర్తి కాదు.

1. ముందు నాలుగు విషయాలు విడదీసుకోండి

పుట్టిన దేశం, పౌరసత్వం, రేస్, ఎత్నిసిటీ. ఈ నాలుగూ వేరువేరు ప్రశ్నలు. ఇండియాలో పుట్టి ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఈ తేడా పెద్దగా తెలియదు. గల్ఫ్‌లో పుట్టిన పిల్లలను తీసుకుంటే బాగా తెలుస్తుంది. కడప, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి కదా. అలాంటి ఇంట్లో కువైట్‌లో పుట్టిన అమ్మాయి చదువుకోవడానికి అమెరికా వచ్చిందనుకోండి. ఆమె పుట్టిన దేశం కువైట్. పౌరసత్వం ఇండియా. రేస్ ఏషియన్. ఎత్నిసిటీ నాట్ హిస్పానిక్. కువైట్‌లో పుట్టింది కాబట్టి 'మిడిల్ ఈస్టర్న్' గడి పెట్టాలేమో అని అడుగుతుంటారు. అక్కర్లేదు. రేస్ ప్రశ్న మీ వంశ మూలాల గురించి, మీరు పుట్టిన ఆసుపత్రి ఏ దేశంలో ఉందన్న దాని గురించి కాదు.

గ్రీన్ కార్డు వరసలో మాత్రం లెక్కలోకి వచ్చేది పుట్టిన దేశమే. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి వెళ్లకూడదన్న నిబంధన వల్ల ఇండియాలో పుట్టినవాళ్ల వరస అంత పొడుగయ్యింది. ఆ అమ్మాయి కువైట్ లెక్కలోకి వస్తుంది. ఆమెను పెళ్లి చేసుకున్న అబ్బాయి ఇండియాలో పుట్టినా, ఆమెతో కలిసి దరఖాస్తు చేస్తే ఆమె పుట్టిన దేశాన్ని వాడుకునే వీలుంది. రేస్ గడిలో ఏం పెట్టినా ఈ వరస ముందుకీ జరగదు, వెనక్కీ జరగదు. ఈ రెంటినీ కలిపి భయపడేవాళ్లే ఎక్కువ, అందుకే ఇంతగా చెబుతున్నాను.

2. బయల్దేరక ముందే: వీసా ఫారంలో తెగ ప్రశ్న

వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో రేస్ అడగరు. కానీ మీరు ఏదైనా వంశానికి గానీ తెగకు గానీ చెందినవారా అని ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడ కులం రాయాలా, గోత్రం రాయాలా, ఇంటిపేరు రాయాలా అని మనవాళ్లు తలపట్టుకుంటారు. అమెరికా ప్రభుత్వానికి మీ కులంతో, గోత్రంతో పని లేదు. ఎక్కువమందికి ఇక్కడ 'నో' అన్నదే సరైన జవాబు. మీరు కోయ, గోండు, చెంచు, లంబాడా లాంటి షెడ్యూల్డు తెగలకు చెందినవారైతే 'యెస్' పెట్టి తెగ పేరు రాయడం నిజమైన జవాబు. దాన్ని దాచాల్సిన అవసరం లేదు. కన్సల్టెన్సీవాళ్లు అందరికీ ఒకే జవాబు కొట్టి పంపిస్తుంటారు, కాబట్టి సబ్మిట్ చేసే ముందు ఆ పేజీ మీరే చూసుకోండి. కింద మీ పేరు మీద వెళ్లేది మీ మాట.

3. ఎత్నిసిటీ: ఒక్క నిమిషంలో తేల్చేయండి

ఈ ప్రశ్న మొత్తం ఒక్క విషయం గురించే: మీ మూలాలు మెక్సికో, క్యూబా, ప్యూర్టో రికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా లేదా ఇతర స్పానిష్ సంస్కృతిలో ఉన్నాయా? మీకు లేకపోతే 'నాట్ హిస్పానిక్ ఆర్ లాటినో' పెట్టేయండి. క్రైస్తవ పేరున్న తెలుగువాళ్లకు కూడా ఇదే జవాబు. రెండు గడుల్లోనూ నేను లేనని ఖాళీ వదిలేయకండి. 'కాదు' అనేది కూడా జవాబే.

4. రేస్: ఏషియన్ ఎందుకంటే

రేస్ గడులు ఎలా ఉండాలో నిర్ణయించేది అమెరికా బడ్జెట్ కార్యాలయం. 1977లో ఆ ఆదేశం మొదటిసారి వచ్చింది, 1997లో మార్చారు, 2024 మార్చిలో మళ్లీ మార్చారు. 1997 నిర్వచనంలో ఏషియన్ అంటే తూర్పు ఆసియా, ఆగ్నేయాసియా, భారత ఉపఖండపు మూలాలున్నవాళ్లు. ఉదాహరణల్లో ఇండియా పేరు నేరుగా ఉంది. ఇమిగ్రేషన్ ఫారాలతో వచ్చే సూచనల పత్రంలో ఈ నిర్వచనం దొరుకుతుంది, ఒకసారి తీసి చదవండి. గడి కింద మళ్లీ చిన్న గడులుంటే 'ఏషియన్ ఇండియన్' అన్నది మనది.

'అమెరికన్ ఇండియన్ ఆర్ అలాస్కా నేటివ్' గడిని మాత్రం ముట్టుకోకండి. అమెరికా పౌరసత్వం వచ్చాక 'ఇప్పుడు నేను అమెరికన్‌ని, పుట్టుకతో ఇండియన్‌ని' అనుకుని దాన్ని టిక్ పెట్టేవాళ్లున్నారు. అది కొలంబస్ రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్న ప్రజల గడి. నవాహో, చెరోకీ, సూ లాంటి తెగలవాళ్లది. తమ భూములు, తమ పిల్లలు, తమ భాషలు లాక్కోబడిన తర్వాత వాళ్లకు మిగిలిన హక్కుల్లో లెక్కలోకి రావడం ఒకటి. వాళ్ల వైద్యానికి, చదువుకు డబ్బు ఎంత అవసరమో తేల్చడంలో ఈ లెక్కలకు చోటుంది. మనం పొరపాటున అందులో చేరితే వాళ్ల లెక్క తప్పుతుంది. ఇండియన్ హెల్త్ సర్వీస్, బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్ అనే సంస్థలు కూడా వాళ్లకోసం ఉన్నవే, మనకు వాటితో సంబంధం లేదు.

ఇక వైట్ గడి. 'మనం కకేషియన్లం, అందుకే వైట్ పెట్టాలి' అని చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ తగులుతారు. ఆ మాట గాల్లోంచి రాలేదు, దాని వెనక పెద్ద కథ ఉంది. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. బయటి నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకు, ఆఫ్రికా మూలాలున్నవాళ్లకు మాత్రమే పౌరసత్వం ఇచ్చే రోజులవి. ఆనాటి మానవశాస్త్ర గ్రంథాలు ఉత్తర భారతీయులను కకేషియన్లలో, అంటే తెల్లవాళ్లతో ఒకే వర్గంలో, చేర్చాయి కాబట్టి తనకూ పౌరసత్వం రావాలని ఆయన వాదించారు. 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గ్రంథాల్లో ఏమున్నా, సామాన్య జనం తెల్లవాడు అంటే ఎవరిని అనుకుంటారో అదే లెక్క అంది. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు పలువురు దాన్ని పోగొట్టుకున్నారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా మనకు ఆ తలుపు మూసే ఉంది. తెరిచాక కూడా వలసకు ఏటా 100 మందికే కోటా.

జనగణనలోనూ మన పేరు ఇలాగే తిరిగింది. 1920, 1930, 1940 లెక్కల్లో 'హిందూ' అన్నది ఒక రేస్. సిక్కులను, ముస్లింలను కూడా అందులోనే రాశారు. 1970లో మనల్ని తెల్లవాళ్లలో కలిపి లెక్కపెట్టారు. అక్కడి భారతీయ సంఘాలు తమను విడిగా గుర్తించాలని అడిగాయి. 1977 ఆదేశం ఏషియన్లలో చేర్చింది, 1980 జనగణన ఫారంలో 'ఏషియన్ ఇండియన్' గడి వచ్చింది. అరవై ఏళ్లలో ఒకే ఇంటివాళ్లు మూడు రేస్‌లలో కనిపించగలిగారంటే, ఆ గడి మన ఒంట్లో ఏముందో చెప్పేది కాదని అర్థమవుతుంది. ఆ దేశం ఆ కాలంలో మనల్ని ఎక్కడ నిలబెట్టిందో చెబుతుంది. టిక్ పెట్టేటప్పుడు గుండె బరువెక్కాల్సిన పని లేదని నేననేది అందుకే.

ఒంటి రంగును బట్టి కూడా గడి ఎంచుకోకూడదు. నల్లగా ఉన్నామని బ్లాక్ గడి పెట్టకూడదు, ఆ నిర్వచనం ఆఫ్రికా మూలాల గురించి.

5. మీ కుటుంబం ఒక్క గడిలో ఇమడకపోతే

ఒకటి కంటే ఎక్కువ గడులు పెట్టే హక్కు 1997 మార్పుతో వచ్చింది, 2000 జనగణన నుంచి అమల్లో ఉంది. తండ్రి తెలుగు, తల్లి ఐరిష్ మూలాలున్న అమెరికన్ అయితే బిడ్డకు ఏషియన్, వైట్ రెండూ పెట్టండి. ఏదో ఒకటే ఎంచుకోమని ఎవరూ అనలేరు.

మన హైదరాబాద్‌లోనే ఇలాంటి కుటుంబాలున్నాయి. బార్కస్‌లో ఉండే చాలామంది పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చారు. ఏసీ గార్డ్స్ అన్న పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం వల్ల వచ్చింది, ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. ఇలాంటి ఇంటి నుంచి వెళ్లినవాళ్లు తమ మూలాలను బట్టి ఏషియన్‌తో పాటు మిడిల్ ఈస్టర్న్ గానీ, బ్లాక్ గానీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. అది ఎవరికి వారు నిర్ణయించుకోవలసిన విషయం.

6. పాత ఫారమా, కొత్త ఫారమా చూసుకోండి

2024 మార్పుతో రేస్, ఎత్నిసిటీ అనే రెండు ప్రశ్నలు ఒకటయ్యాయి. మొత్తం ఏడు గడులు, అందులో 'మిడిల్ ఈస్టర్న్ ఆర్ నార్త్ ఆఫ్రికన్' కొత్తది. శాఖలన్నీ మారడానికి కొన్నేళ్ల గడువుంది కాబట్టి ఒకచోట రెండు ప్రశ్నలు, ఇంకోచోట ఒకే ప్రశ్న కనిపిస్తాయి. కొత్తదాంట్లో ఏషియన్ పెట్టి, కింద ఏషియన్ ఇండియన్ పెడితే అయిపోయినట్టే.

7. తప్పనిసరా, ఐచ్ఛికమా?

చాలా ఫారాల్లో ఈ సంగతి ప్రశ్న పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. సోషల్ సెక్యూరిటీ దరఖాస్తులో ఐచ్ఛికం. ఉద్యోగ దరఖాస్తుల్లో కూడా ఐచ్ఛికమే. 'చెప్పదలచుకోలేదు' అన్న గడి పెట్టినంత మాత్రాన ఉద్యోగం పోదు. కానీ ఒక సంగతి తెలుసుకోండి. 100 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఉద్యోగుల రేస్ లెక్కలు ప్రభుత్వానికి ఇవ్వాలి. మీరు చెప్పకపోతే చూసి అంచనా వేసి రాసే వీలు వాళ్లకుంది. ప్రభుత్వ స్కూళ్లలోనూ తల్లిదండ్రులు నింపకపోతే సిబ్బంది పిల్లవాణ్ని చూసి నింపుతారు. ఇంకొకరి ఊహకు వదిలేయడం కంటే మీరే నింపడం మేలని నా అభిప్రాయం.

గ్రీన్ కార్డుకు ఐ-485, పౌరసత్వానికి ఎన్-400 నింపేటప్పుడు మాత్రం ఖాళీ వదలకండి. అక్కడ రేస్‌తో పాటు ఎత్తు, బరువు, కంటి రంగు, జుట్టు రంగు కూడా అడుగుతారు. కంటి రంగు డ్రైవింగ్ లైసెన్సులో ఏముంటే అదే రాయండి. ఒకచోట నలుపు, ఇంకోచోట గోధుమ అని రాసి తర్వాత సర్దిచెప్పుకోవాల్సిన అవసరం ఎందుకు?

8. డాక్టరు దగ్గర దాచకండి

అన్ని ఫారాల్లోకీ నేను ముఖ్యమనుకునేది ఇదే. మనవాళ్లకు సన్నగా ఉన్నప్పుడే, చిన్న వయసులోనే షుగర్ వచ్చే ముప్పు ఎక్కువ. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఏషియన్ మూలాలున్నవాళ్లకు బీఎంఐ (ఎత్తుకు, బరువుకు మధ్య లెక్క) 23కి చేరితే చాలు, షుగర్ పరీక్ష ఆలోచించమంటోంది. మిగతావాళ్లకు ఆ గీత 25. గుండెజబ్బుల ముప్పు కూడా దక్షిణాసియావాళ్లకు ఎక్కువే. ఆసుపత్రి ఫారంలో ఏషియన్ అని ఉన్నా డాక్టరు చైనానో కొరియానో అనుకోవచ్చు. కాబట్టి 'మాది ఇండియా, ఇంట్లో నాన్నకు షుగర్, మేనమామకు చిన్న వయసులోనే గుండెపోటు' అని నోటితో కూడా చెప్పండి. గర్భిణులు ఇది మొదటి విజిట్‌లోనే చెప్పాలి.

9. కులం ఎక్కడా రాయకండి

కొన్ని ఫారాల్లో రాసుకోవడానికి ఖాళీ గీత ఉంటుంది. అక్కడ ఇండియన్ అనో తెలుగు అనో రాయొచ్చు. కులం అడగడం లేదు, రాయకండి. ఏ ఫారమూ అడగని ఆ ప్రశ్నను మనవాళ్లే ఆఫీసు క్యాంటీన్‌లో, అపార్టుమెంటు మెట్ల మీద ఇంటిపేరు తవ్వుతూ అడుగుతారు. జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ఆ అవసరం వచ్చిందంటే మనం ఏం మోసుకెళ్లామో ఆలోచించాలి.

10. పిల్లలకు ఏం చెప్పాలి

అమెరికా స్కూల్లో ఏషియన్ అంటే పిల్లల కళ్ల ముందు కదిలేది చైనా, కొరియా ముఖాలు. థాంక్స్‌గివింగ్ పాఠంలో ఇండియన్స్ అని వింటారు. ఇంటికొచ్చి 'నేను ఏషియనా, ఇండియనా, అమెరికనా' అని అడిగితే విసుక్కోకండి. ఫారంలో ఏషియన్, అమ్మానాన్నలు వచ్చింది ఇండియా నుంచి, ఇంట్లో మాట్లాడేది తెలుగు, పుట్టింది అమెరికాలో అయితే నువ్వు అమెరికన్‌వి కూడా, ఇవన్నీ ఒకేసారి నిజమే అని చెప్పండి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఇది బాగానే అర్థమవుతుంది.

మిగతా రేస్‌ల గురించి ఇంట్లో మీరు మాట్లాడే తీరు కూడా వాళ్లు వింటారు. మనవాళ్లు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా పెద్ద సంఖ్యలో రావడానికి దారి తీసిన 1965 వలస చట్టం, నల్లజాతివాళ్ల పౌరహక్కుల పోరాటం దేశాన్ని కదిలించిన రోజుల్లో వచ్చింది. ఆ చట్టం వల్ల లాభపడిన మనం మన పిల్లల ముందు నల్లవాళ్లను కించపరిచే మాట దొర్లనివ్వకండి.

11. ఇప్పటికే తప్పు గడి నింపేశారా?

కంగారు పడకండి. ఆఫీసులో అయితే హెచ్‌ఆర్ పోర్టల్‌లోనో, హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టో మార్పించుకోవచ్చు. స్కూల్లో ఆఫీసుకు వెళ్లి రికార్డు సరిచేయమనండి. ఎన్-400లో తప్పుంటే ఇంటర్వ్యూలో అధికారి జవాబులు సరిచూసేటప్పుడు చెప్పండి, అక్కడే దిద్దుతారు. ఒకవేళ అమెరికన్ ఇండియన్ గడి పెట్టి దానివల్ల స్కాలర్‌షిప్పో, ఇంకేదైనా లాభమో పొంది ఉంటే అది వేరే సంగతి. ఆలస్యం చేయకుండా లాయరును కలవండి.

12. అమెరికా కాకుండా వేరే దేశమైతే

ఈ జవాబులనే అక్కడికీ పట్టుకెళ్లకండి. బ్రిటన్‌లో మామూలు మాటల్లో ఏషియన్ అంటే మనమే. జనగణనలో 1991 నుంచి ఇండియన్ అన్న గడి ఉంది, ఇప్పుడది ఏషియన్ విభాగం కింద వస్తుంది. కెనడాలో 'సౌత్ ఏషియన్' పెట్టండి. అక్కడ 'ఈస్ట్ ఇండియన్' అన్న పాత మాట కూడా మన గురించే. 'ఇండిజినస్' గురించి అడిగితే కాదనండి, ఉద్యోగ ఫారంలో 'విజిబుల్ మైనారిటీ' అంటే అవుననొచ్చు. ఆస్ట్రేలియా జనగణన రేస్ అడగదు. పూర్వీకుల మూలం, ఇంట్లో మాట్లాడే భాష అడుగుతుంది. భాష దగ్గర ఇంగ్లిష్ అని కొట్టేయకుండా తెలుగు అని రాయండి.

సింగపూర్‌లో స్థిరపడేవాళ్లకు మాత్రం రేస్ నిజంగా బతుకుని తాకుతుంది. చైనీస్, మలయ్, ఇండియన్, ఇతరులు అని వర్గాలు, అది గుర్తింపు రికార్డుల్లోకి ఎక్కుతుంది. 1989 నుంచి ప్రభుత్వ ఫ్లాట్లున్న ప్రతి బ్లాకులో ఏ వర్గంవాళ్లు ఎంతమంది ఉండొచ్చో పరిమితి ఉంది, కాబట్టి కొనే ముందు ఆ బ్లాకులో మీ వర్గానికి చోటుందో లేదో చూసుకోవాలి, అమ్మేటప్పుడూ చూసుకోవాలి. స్కూల్లో ఇండియన్ పిల్లలకు మాతృభాషగా తమిళం ఇస్తారు. హిందీ, ఉర్దూ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ కూడా ఎంచుకోవచ్చు. ఆ జాబితాలో తెలుగు లేదు. పిల్లవాణ్ని చేర్చే ముందే ఏ భాష తీసుకుంటారో ఇంట్లో మాట్లాడుకోండి, తెలుగు చదవడం రాయడం నేర్పడానికి వేరే ఏర్పాటు చూసుకోండి.